ఇంటర్వ్యూలో బుర్ర ఎందుకు మొరాయిస్తుంది?

రాత్రి రూమ్మేట్‌కు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు వివరించిన టాపిక్కే. పొద్దున ఇంటర్వ్యూ బోర్డు అదే అడిగితే నోరు పెగల్లేదు. బయటికొచ్చి లిఫ్ట్ దగ్గర నిలబడగానే జవాబు మొత్తం పూసగుచ్చినట్టు గుర్తొచ్చింది! ఉద్యోగాల వేటలో ఉన్న చాలామందికి ఇది అనుభవమే. ‘నాకంత సీన్ లేదు’, ‘నేను ఇంటర్వ్యూలకు పనికిరాను’ అని అక్కడికక్కడే తమ మీద తామే తీర్పు చెప్పేసుకుంటారు. మెదడు మీద జరిగిన పరిశోధనలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. ఇది తెలివిలోనో, ధైర్యంలోనో ఉన్న లోపం కాదు. తీవ్రమైన ఒత్తిడిలో మెదడు పనిచేసే తీరే అంత. ఆ తీరు తెలిస్తే దానికి తగ్గట్టు సిద్ధం కావొచ్చు.

ప్రయోగశాలలో ఉత్తుత్తి ఇంటర్వ్యూ

ఒత్తిడి వల్ల శరీరంలో ఏం జరుగుతుందో కొలవాలంటే ముందు ఒత్తిడి పుట్టించాలి. అందుకు పరిశోధకులు ఎంచుకున్న మార్గం ఏంటో తెలుసా? ఉద్యోగ ఇంటర్వ్యూ!

జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లెమెన్స్ కిర్ష్‌బామ్ బృందం 1993లో ఈ పద్ధతిని ప్రచురించింది. దీని పేరు ‘ట్రియర్ సోషల్ స్ట్రెస్ టెస్ట్’. ఇందులో పాల్గొనే వ్యక్తికి ‘మీరు ఓ ఉద్యోగానికి దరఖాస్తు చేశారనుకోండి. మీరే దానికి తగినవారని బోర్డును ఒప్పించాలి’ అని చెబుతారు. సిద్ధం కావడానికి కొద్ది నిమిషాలే ఇస్తారు. తర్వాత కెమెరా ముందు, బోర్డు సభ్యుల ఎదుట అయిదు నిమిషాలు మాట్లాడాలి. ఆ సభ్యులు నవ్వరు, తల ఊపరు. ముఖంలో ఏ భావమూ కనిపించకుండా ఉండేలా వాళ్లకు ముందే శిక్షణ ఇస్తారు. అది అయ్యాక ఓ లెక్క. 1022 నుంచి 13 తీసేస్తూ పోవాలి... 1009, 996, 983 ఇలా. తప్పు చెబితే మళ్లీ 1022 నుంచి మొదలు!

ఈ ఉత్తుత్తి ఇంటర్వ్యూలో ఉద్యోగం లేదు, జీతం లేదు. ఫెయిలైతే పోయేదీ ఏమీ లేదు. అయినా పాల్గొన్నవారి గుండె వేగం పెరిగింది. లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ గణనీయంగా పెరిగింది. ఆ తర్వాత ప్రపంచవ్యాప్తంగా ఎన్నో ప్రయోగశాలలు ఇదే పద్ధతిని వాడుకుంటున్నాయి.

సాలీ డికర్సన్, మార్గరెట్ కెమెనీ అనే పరిశోధకులు 2004లో ఇలాంటి 208 ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. రెండు పరిస్థితులు కలిసినప్పుడు కార్టిసాల్ బాగా పెరుగుతోందని తేలింది. ఒకటి- ఎదుటివాళ్లు మనల్ని అంచనా వేస్తుండటం. రెండోది- ఫలితం మన చేతిలో లేకపోవడం. ఇంటర్వ్యూలో ఉండేవి సరిగ్గా ఈ రెండే కదా! ఉత్తుత్తి దానికే అంత ప్రభావం ఉంటే, ఇంట్లో అందరూ ఫోన్ కోసం ఎదురుచూస్తున్న అసలు ఇంటర్వ్యూలో చేతులు చల్లబడటంలో వింతేముంది?

తలలో ఏం జరుగుతుంది?

మెదడులో లోతుగా, బాదంగింజ ఆకారంలో ‘అమిగ్డలా’ అనే భాగం ఉంటుంది. ప్రమాద సంకేతాలను పసిగట్టడంలో దీనిది కీలక పాత్ర. ఎదురుగా ఉన్నది పామైనా, నవ్వని ప్యానెల్ అయినా దీని స్పందన ఇంచుమించు ఒకే దారిలో వెళ్తుంది. సంకేతం అందగానే క్షణాల్లో అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పుంజుకుంటుంది, నోరు ఎండిపోతుంది, అరచేతుల్లో చెమట పడుతుంది. పారిపోవడానికో, పోరాడటానికో శరీరం సిద్ధమవడమే ఇదంతా. వాల్టర్ కానన్ అనే అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త 1915లోనే దీన్ని వివరించారు.

దీని వెనకే రెండో అల వస్తుంది. మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్ రక్తంలోకి చేరుతుంది. ఇది కాస్త నిదానం. ఒత్తిడి మొదలైన 20-30 నిమిషాలకు గరిష్ఠ స్థాయికి వెళ్తుంది.

ఇక నుదుటి వెనకాల ఉండేది ‘ప్రీఫ్రంటల్ కార్టెక్స్’. ప్రశ్నను తలలో నిలిపి ఉంచుకోవడం, జవాబుకు ఓ క్రమం ఇవ్వడం, నోరు జారకుండా ఆపుకోవడం... ఇవన్నీ చేయడానికి ఇదే ఆధారం. ఇది చాలా సున్నితమైన భాగం. ఒత్తిడి రసాయనాలు మోతాదులో ఉంటే చురుగ్గా పనిచేస్తుంది. మోతాదు మించితే పట్టు తప్పుతుంది. యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఏమీ ఆర్న్‌స్టన్ దశాబ్దాలుగా దీనిపైనే పరిశోధనలు చేశారు. పెద్ద ప్రశ్నకు మధ్యలో దారి తప్పడం, ‘ఇంతకీ ఏమడిగారు సర్?’ అనాల్సి రావడం ఇందుకే.

అందుకే అసలు టెన్షనే ఉండకూడదనుకోవడం అత్యాశ. అవసరం కూడా లేదు. బొత్తిగా ఉత్సాహం లేకపోయినా, మరీ కంగారుపడినా పని చెడుతుంది. మధ్యస్థంగా ఉంటే మేలు.

మర్చిపోలేదు... అందట్లేదు

‘చదివిందంతా మర్చిపోయాను’ అంటుంటారు చాలామంది. నిజానికి మర్చిపోతే, బయటికి రాగానే ఎలా గుర్తొస్తుంది?

డొమినిక్ డి క్వెర్వెన్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగం ఈ చిక్కుముడి విప్పింది. వాలంటీర్లకు కొన్ని పదాలు నేర్పారు. మర్నాడు పరీక్షకు గంట ముందు కొందరికి కార్టిజోన్ మాత్ర ఇచ్చారు. ఇది శరీరంలో కార్టిసాల్‌గా మారుతుంది. మాత్ర వేసుకున్నవారు తక్కువ పదాలు గుర్తుచేసుకోగలిగారు. అదే మాత్రను పదాలు నేర్చుకునే ముందో, నేర్చుకున్న వెంటనేనో ఇచ్చినప్పుడు అలాంటి నష్టం కనిపించలేదు. అంటే జ్ఞాపకం చెరిగిపోలేదు. బయటికి తీసే దారి తాత్కాలికంగా మూసుకుపోయింది. బీరువాలో సర్టిఫికెట్లు భద్రంగానే ఉన్నాయి, తాళంచెవే సమయానికి దొరకలేదన్నమాట.

కాబట్టి ఇంటర్వ్యూ పోయిన రోజు ‘నాకేం రాదు’ అని పుస్తకాలన్నీ మొదటి నుంచి తిరగేయడం సరైన మందు కాదు. లోపం విషయ పరిజ్ఞానంలో కాక, దాన్ని ఒత్తిడిలో బయటికి తీసే అభ్యాసంలో ఉండొచ్చు.

చదివే తీరులోనే రక్షణ

ఆ అభ్యాసం ఎలా? దీనికి అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో అమీ స్మిత్ బృందం చేసిన ప్రయోగంలో సమాధానం ఉంది. ఇది 2016లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. 120 మందికి కొన్ని పదాలు, బొమ్మలు చూపించారు. సగం మంది వాటినే మళ్లీమళ్లీ చదివారు. మిగతా సగం ఒకసారి చూశాక, చూడకుండా గుర్తుచేసుకుంటూ ప్రాక్టీస్ చేశారు. మర్నాడు రెండు గుంపుల్లోనూ కొందరిని జడ్జీల ముందు నిలబెట్టి మాట్లాడించి, లెక్కలు అడిగి ఒత్తిడికి గురిచేశారు. తర్వాత జ్ఞాపకాన్ని పరీక్షించారు. మళ్లీమళ్లీ చదివినవారి జ్ఞాపకశక్తి ఒత్తిడిలో దెబ్బతింది. గుర్తుచేసుకుంటూ నేర్చుకున్నవారిది చెక్కుచెదరలేదు!

ఒత్తిడి లేనప్పుడు కూడా ఈ పద్ధతిదే పైచేయి. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే చేసిన ప్రయోగంలో ఒకే పాఠాన్ని కొందరు నాలుగుసార్లు చదివారు. ఇంకొందరు ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండా రాశారు. వారం తర్వాత మొదటివారికి 40 శాతం గుర్తుంటే, రెండోవారికి 61 శాతం గుర్తుంది. విచిత్రం ఏంటంటే, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకం పెట్టుకున్నది నాలుగుసార్లు చదివినవారే. పేజీ కళ్లముందు ఉన్నప్పుడు అంతా వచ్చినట్టే అనిపిస్తుంది. ఆ భరోసా పేజీ మూయగానే ఎగిరిపోతుంది.

దీన్ని మీ ప్రిపరేషన్‌లో ఇలా పెట్టుకోండి:

* సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికైతే ‘నార్మలైజేషన్’, పోటీ పరీక్షలకైతే ‘రాష్ట్రపతి ఎన్నిక’... ఏ టాపిక్ అయినా చదివాక పుస్తకం మూసేసి, తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయండి. తర్వాతే పుస్తకం తెరిచి ఖాళీలు పూరించండి.
* రాయడంతో ఆపొద్దు. పైకి చెప్పండి. ఇంటర్వ్యూలో పనికొచ్చేది నోటితో చెప్పే అలవాటే.
* మర్నాడు, మూడు రోజులకు, వారానికి మళ్లీ చూడకుండా ప్రయత్నించండి. గుర్తుతెచ్చుకోవడానికి కష్టపడుతున్నారంటే ప్రాక్టీస్ పనిచేస్తున్నట్టే.
* హైలైటర్‌తో పేజీ మొత్తం పసుపు చేయడం కన్నా, ఆ పేజీ నుంచి అయిదు ప్రశ్నలు తయారు చేసుకోవడం మేలు.

మాక్ ఇంటర్వ్యూ నిజంగా పనికొస్తుందా?

పనికొస్తుంది, చాలామందికి. కిర్ష్‌బామ్ బృందమే 1995లో మరో ప్రయోగం చేసింది. 20 మంది ఆరోగ్యవంతులైన పురుషులను వరుసగా అయిదు రోజులు అలాంటి ఒత్తిడి పరీక్షకే కూర్చోబెట్టింది. ఎక్కువమందిలో మొదటి రోజు ఎగసిన కార్టిసాల్ తర్వాతి రోజుల్లో బాగా తగ్గిపోయింది. ‘దీనివల్ల ప్రాణం పోదు’ అని మెదడు నేర్చుకుందన్నమాట.

కానీ అందరిలోనూ అలా జరగలేదు. కొందరికి అయిదు రోజుల తర్వాత కూడా కార్టిసాల్ పెరుగుతూనే ఉంది. రెండు మూడు మాక్ ఇంటర్వ్యూలు చేసినా మీ భయం తగ్గకపోతే మీలో ఏదో తేడా ఉందనుకోవద్దు. అలాంటివారూ ఉంటారు. వాళ్లకు ప్రాక్టీస్‌తోపాటు కౌన్సెలర్ సాయం కూడా ఉంటే మంచిది.

మాక్ ఇంటర్వ్యూ అంటే స్నేహితులతో నవ్వుతూ తుళ్లుతూ చేసేది కాదు. కాస్త అసలులా ఉండాలి. అంతగా పరిచయం లేని సీనియర్‌నో, లెక్చరర్‌నో అడగండి. ఫార్మల్ దుస్తులు వేసుకోండి. ఎదుటివాళ్లను నవ్వొద్దని ముందే చెప్పండి. ఫోన్‌లో రికార్డు చేసి, తర్వాత ఒక్కరే చూసుకోండి.

గది బయట ఆ పది నిమిషాలు

పేరు పిలిచేలోగా ‘కూల్... కూల్’ అని మనకు మనమే చెప్పుకుంటాం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాలు ఇంకో దారి చూపించాయి. ప్రసంగానికి ముందు ‘నేను ప్రశాంతంగా ఉన్నాను’ అనుకున్నవారి కన్నా, ‘నేను ఉత్సాహంగా ఉన్నాను’ అని పైకి అన్నవారు బాగా మాట్లాడారు. కారణం ఊహించదగ్గదే. భయంలోనూ, ఉత్సాహంలోనూ గుండె దడదడలాడుతుంది. దడను ఆపడం కష్టం, దానికి పేరు మార్చడం తేలిక.

ఊపిరి కూడా చేతిలో ఉన్న ఆయుధమే. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. అందుకే ముక్కుతో మామూలుగా పీల్చి, దానికి రెట్టింపు సమయం నెమ్మదిగా వదలండి. మూడు నాలుగు నిమిషాలు చాలు. పక్కన కూర్చున్నవారికి తెలియను కూడా తెలియదు.

రాతపరీక్షకు వెళ్తున్నారా? షికాగో విశ్వవిద్యాలయంలో గెరార్డో రమిరెజ్, సియాన్ బైలాక్ 2011లో ప్రచురించిన పరిశోధనలో, పరీక్షకు ముందు పది నిమిషాలపాటు తమ భయాలను కాగితం మీద రాసిన విద్యార్థులు మెరుగైన ఫలితాలు సాధించారు. పరీక్షలంటే బాగా భయపడేవారికి ఇది ఎక్కువ ఉపయోగపడింది. తలలో తిరిగే ఆలోచన కాగితం మీదికి దిగితే, ఆ మేరకు ప్రశ్నల కోసం చోటు ఖాళీ అవుతుంది.

ముందు రాత్రి మాత్రం నిద్ర మానొద్దు. 2007లో మాథ్యూ వాకర్ బృందం చేసిన అధ్యయనంలో, ఒక రాత్రంతా మేల్కొన్నవారికి మనసును కలతపెట్టే చిత్రాలు చూపితే, నిద్రపోయినవారితో పోలిస్తే అమిగ్డలా 60 శాతం ఎక్కువగా స్పందించింది. రాత్రి రెండింటిదాకా చదివి సంపాదించిన నాలుగు పాయింట్ల కన్నా, పొద్దున పోగొట్టుకునే నిబ్బరం విలువైంది.

ఇంత చేసినా లోపల ఆగిపోతే? ‘సర్, ఒక్క క్షణం ఆలోచించి చెబుతాను’ అనండి. అందులో తప్పేం లేదు. ప్రశ్నను మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పండి. ఆ టాపిక్‌లో తెలిసిన ఓ చిన్న ఉదాహరణతో మొదలుపెట్టండి. ఒక కొస దొరికితే మిగతాది దాని వెంట వస్తుంది. నిజంగా తెలియకపోతే ‘తెలియదు సర్’ అనడమే మర్యాద.

‘సెలెక్ట్ కాలేదు’ అన్నప్పుడు

మెయిల్‌లో రెండు లైన్లు. చదవగానే గుండెల్లో కలుక్కుమంటుంది. మనం ‘మనసు నొచ్చుకుంది’ అంటాం. ఆ మాటలో శాస్త్రం కూడా ఉంది. నవోమీ ఐసెన్‌బర్గర్ బృందం 2003లో కొందరితో స్కానర్‌లో పడుకుని బంతి విసురుకునే కంప్యూటర్ ఆట ఆడించింది. కాసేపటికి మిగతా ఆటగాళ్లు వాళ్లకు బంతి వేయడం మానేశారు. అంతే! శరీరానికి దెబ్బ తగిలినప్పుడు కలిగే బాధతో సంబంధమున్న మెదడు భాగం వాళ్లలో చురుగ్గా కనిపించింది. దెబ్బ, తిరస్కారం రెండూ ఒకటేనని కాదు. కానీ తిరస్కారం నొప్పి ఉత్తుత్తిది కాదు.

అందుకే ఆ సాయంత్రం మీ మీద మీరు తీర్పులు చెప్పుకోకండి. ఏ ప్రశ్న దగ్గర ఆగారో గుర్తున్నంతవరకు రాసి పెట్టుకోండి. విశ్లేషణ రెండు రోజుల తర్వాత. ఆ రోజుకు స్నేహితుడితో ఓ టీ, గంట నడక, వేళకు భోజనం, నిద్ర... ఇవి చాలు.

తల్లిదండ్రులకూ ఓ మాట. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ‘అబ్బాయికి ఇంకా ఉద్యోగం రాలేదా వదినా?’ అని అడిగే ప్రతిసారీ ఆ పిల్లలకు అదో ఇంటర్వ్యూ బోర్డే. అంచనా వేసే కళ్లు, తమ చేతిలో లేని జవాబు... ఒత్తిడి పెంచే ఆ రెండు పరిస్థితులూ అక్కడ ఉన్నాయి.

ఎదురుచూపులు దీర్ఘమైతే...

నోటిఫికేషన్ వాయిదా, పరీక్ష వాయిదా, ఫలితాలపై కోర్టు కేసు. ఏళ్లు గడిచేకొద్దీ ‘ఏం చేసినా ఇంతేలే’ అనే నిర్లిప్తత ఆవరిస్తుంది. దీన్ని బద్ధకం అనేస్తారు చూసేవాళ్లు.

మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ 1967లో ఈ స్థితిపై ప్రయోగాలు ప్రచురించారు. తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కలు, తర్వాత తప్పించుకునే దారి ఉన్నా ప్రయత్నించకుండా పడి ఉన్నాయి. ‘నేర్చుకున్న నిస్సహాయత’ అని దానికి పేరు పెట్టారు. దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత, 2016లో ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. ఎలుకల మెదళ్లపై జరిగిన పరిశోధనల్లో తేలిందేంటంటే- నిస్సహాయత నేర్చుకునేది కాదు. దీర్ఘకాలం కష్టం ఎదురైతే చతికిలపడటం మెదడు సహజ స్పందన. నేర్చుకోవాల్సింది ‘ఇది నా అదుపులో ఉంది’ అన్న సంగతి. అది గుర్తించిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్, ఆ చతికిలబాటును అణచిపెడుతుంది.

దీన్ని మన జీవితానికి అన్వయించుకుంటే దొరికే పాఠం ఒకటే. మీ అదుపులో ఉన్న చిన్న పనులు రోజూ మీ మెదడుకు కనిపించాలి. నోటిఫికేషన్ తేదీ మీ చేతిలో లేదు. ఇవాళ చూడకుండా రాసే 20 ప్రశ్నలు మీ చేతిలో ఉన్నాయి. ‘రోజుకు 14 గంటలు చదువుతా’ అనే శపథం రెండో రోజే తప్పుతుంది, నిస్సహాయతకు మరో సాక్ష్యమవుతుంది. చేయగలిగినంతే పెట్టుకుని, పూర్తయ్యాక టిక్కు కొట్టండి. చదువుకు సంబంధం లేని పని కూడా ఒకటి ఉండనివ్వండి. పార్ట్‌టైమ్ ఉద్యోగం, ట్యూషన్, ఆట ఏదైనా సరే.

సొంతంగా సర్దుకోలేనప్పుడు

బాధ, ఒత్తిడి వచ్చిపోతుంటాయి. కానీ దిగులు రోజులో ఎక్కువ భాగం, రెండు వారాలకు మించి వదలకుండా ఉందా? ఇష్టమైన పనుల మీదా ఆసక్తి పోయిందా? నిద్ర, ఆకలి తారుమారయ్యాయా? పుస్తకం పట్టుకుంటే ఒక్క పేరా ఎక్కట్లేదా? అప్పుడిది ఊపిరి వ్యాయామాలతో తేలేది కాదు. డిప్రెషన్ కావొచ్చు. దానికి చికిత్స ఉంది. కాలేజీ కౌన్సెలర్‌ను, మానసిక వైద్య నిపుణులను కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ‘టెలీ మానస్’ హెల్ప్‌లైన్ 14416కు రోజులో ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

చనిపోవాలనే ఆలోచన వస్తుంటే రెండు వారాలు ఆగక్కర్లేదు. ఆ క్షణమే ఎవరికైనా చెప్పండి. మీ రూమ్మేట్ అలాంటి మాటన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఉపన్యాసం ఇవ్వకుండా వినండి, ఒంటరిగా వదలకండి, సాయం దొరికే చోటికి తోడుగా వెళ్లండి.

ఇంటర్వ్యూ వారంలో ఉంటే...

మొదటి నాలుగు రోజులు: రోజుకు నాలుగైదు టాపిక్‌లు పుస్తకం మూసి పైకి చెప్పండి.
అయిదు, ఆరు రోజులు: పరిచయం లేనివారితో రోజుకో మాక్ ఇంటర్వ్యూ. కొత్త టాపిక్‌లు వద్దు.
ఏడో రోజు: సర్టిఫికెట్లు సర్దుకోవడం, వెళ్లే దారి చూసుకోవడం, తేలికపాటి రివిజన్. వేళకు నిద్ర.
ఆ రోజు: అరగంట ముందే చేరుకోండి. నెమ్మదిగా ఊపిరి వదలండి. గుండె కొట్టుకుంటుంటే కొట్టుకోనివ్వండి. అది మీకు సాయం చేయడానికే పరుగెత్తుతోంది.